కత్తెర చేతికి వచ్చిన వేళ

సినిమా ఆరంభంలో పేర్లు పడుచున్నప్పుడు "కూర్పు" అన్న మాట ప్రక్కన ఒక పేరు కనిపించి మాయమవుతుంది. నటీనటుల పేర్లకు ఈలలు వేసే ప్రేక్షకులు ఆ పేరును సాధారణంగా చదవరు. కాని చీకటిగదిలో కూర్చుండి, వేలాది అడుగుల ఫిలిమును చూచి, వలసినది ఉంచి, అక్కరలేనిది తీసివేసి, మిగిలిన ముక్కలను కథగా అతికినది ఆ పేరుగల మనిషే. సెకనుకు 24 బొమ్మల చొప్పున వేయి అడుగుల చుట్ట సుమారు పదకొండు నిమిషాలు నడిచేది. ఒకసారి కత్తెర పడిన చోట మరల అతకవలెనన్న శ్రమతో కూడిన పని గనుక, కత్తిరించే ముందు ఆలోచించుట ఆనాటివారికి అలవాటైనది. ఆదుర్తి సుబ్బారావు దర్శకుడు కావడానికి పూర్వం ఎడిటరే. తన తండ్రి అక్కినేని సంజీవి వద్ద ఈ విద్య నేర్చిన ఎ. శ్రీకర్ ప్రసాద్ అనేక పర్యాయాలు జాతీయ పురస్కారం పొందినారు.

నేడు ఆ చీకటిగది మన చొక్కా జేబులోనికి వచ్చినది. మా తరగతిలో చరవాణితో వీడియో తీయని విద్యార్థి లేడు. తీసినదానిని కత్తిరించి పాట జోడించనివాడు అరుదు. "కోటి విద్యలు కూటి కొరకే" అన్నట్లు పలాసలోను, టెక్కలిలోను పెళ్ళి వీడియోలు కూర్చి చదువు ఖర్చులు సంపాదించుకొనే యువకులను మేము చూచినాము. ఇది సంతోషించవలసిన విషయమే. ఉపకరణాలు ఉచితంగా లభిస్తున్నవి గనుక వాటిని అందరూ నేర్వవలెనని మా అభిప్రాయం. అయితే కోత, అతుకు అనేవి ఎదుటి మనిషి మాటను మార్చివేయగలవు. కావున ఆ మనిషికి జవాబు చెప్పుకొనుట కూడా ఈ విద్యలో భాగమేనని మేము భావిస్తున్నాము. ఈ సంగతి మేము ఒక తప్పు చేసి తెలుసుకొన్నాము. ఆ తప్పును ముందుగా చెప్పి, తరువాత మాకు ఉపయోగపడిన మెలకువలను చదువరుల ముందుంచుతాము.

శీతాకాలపు సెలవులలో మేము ఆరుగురం ఒక చిన్న వృత్తచిత్రం తీయవలెనన్న ఉత్సాహంతో పలాస స్టేషనులో రైలు దిగినాము. అక్కడినుండి ఉద్దానం పల్లెలలో నాలుగు రోజులు తిరిగినాము. ఉద్దానం అన్న పేరు ఉద్యానం అన్న మాటనుండి వచ్చినదని పెద్దలు చెబుతారు. సముద్రపు ఒడ్డున ఇసుక నేలలలో కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలు దట్టంగా పెరిగిన సీమ అది. ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, పలాస, వజ్రపుకొత్తూరు అను ఏడు మండలాలను ఉద్దానమని వ్యవహరిస్తారు. ఇంతటి పచ్చని సీమను రెండు దుఃఖాలు వెంటాడినవి. ఒకటి, ఏళ్ళ తరబడి ఇంటింటికీ వ్యాపించిన మూత్రపిండాల వ్యాధి. దాని మూలకారణం నేటికీ ఇదమిత్థమని తేలలేదు. పలాసలో 200 పడకల ఆసుపత్రి, మూత్రపిండాల వ్యాధుల పరిశోధన కేంద్రం 2023 డిసెంబరు 14న ప్రారంభమైనవి. రెండవది, 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస సమీపంలో తీరం దాటిన తిత్లీ తుఫాను. ఒక్క రాత్రిలో తోటలకు తోటలు నేలకొరిగినవి. కొబ్బరిచెట్టు పడిపోయిన రైతు, మొక్క నాటి మరల కాయ చూడడానికి ఏళ్ళు ఎదురుచూడవలసిందే.

మొదటి రోజున ఒక పెద్దావిడ తన తోటలో నిలిచి, తుఫానుకు పడిపోయిన చెట్లను గురించి చెబుతూ కంట నీరు పెట్టుకొన్నది. మరునాడు అదే ఇంటి అరుగుపై ఆమె భర్త, వారానికి మూడుసార్లు డయాలసిస్ చేయించుకొనే మనిషి, సూదులు గుచ్చి గుచ్చి ఉబ్బిన తన చేతిని మాకు చూపినాడు. తిరిగి వచ్చి కూర్పు మొదలుపెట్టినప్పుడు మాలో ఒకరికి ఒక ఆలోచన తోచినది. భర్త చేయి చూపి, వెంటనే భార్య కన్నీరు చూపితే దృశ్యం హృదయాన్ని కదిలిస్తుందని. అట్లే అతికినాము. దానిపై ఒక సినిమాలోని వయొలిన్ సంగీతం కూడా పరచినాము. చూచిన మిత్రులు కళ్ళు తుడుచుకొన్నారు. మేము గర్వపడినాము.

చిత్రాన్ని వారికి చూపుతామని మాట ఇచ్చి ఉన్నందున, నెల తరువాత మాలో ఇద్దరు మరల ఆ ఊరికి వెళ్ళి, అదే అరుగుపై చరవాణిలో చూపినారు. భర్త ఆ సమయాన ఆసుపత్రిలో ఉన్నాడు. పెద్దావిడ చివరిదాకా చూచి, కొంతసేపు మాట్లాడలేదు. తరువాత ఇట్లన్నది:

"ఏటి బావూ, ఇలా జేసేసినారు? నానేడిసింది సెట్ల కోసం. మా మావగారు ఏసిన సెట్లవి. ఆయన ముందర నానెప్పుడూ ఏడవనేదు. నానేడిస్తే ఆయన దైర్యం పోతాది. ఇది ఆయన సూస్తే ఏటనుకుంటాడు?"

మా వద్ద సమాధానం లేదు. మేము చూపిన చేయి నిజమైనది, కన్నీరు నిజమైనది. రెండిటినీ కలిపిన అతుకు మాత్రం అబద్ధం. ఎన్నో ఏళ్ళుగా ఆమె కష్టపడి దాచుకొన్న ఒక విషయాన్ని, అనగా భర్త ఎదుట ఏడవకుండుటను, మేము రెండు సెకనులలో తుడిచివేసినాము.

ఇది కొత్త సంగతి కాదని తరువాత చదివి తెలుసుకొన్నాము. సుమారు నూరేళ్ళ క్రితం రష్యాలో లెవ్ కులెషోవ్ అను దర్శకుడు ఒక నటుని ముఖాన్ని చూపే ఒకే ముక్కను తీసుకొని, దాని ప్రక్కన ఒకసారి ఆహారపు గిన్నెను, ఒకసారి శవపేటికను, ఒకసారి ఒక స్త్రీని అతికి చూపినాడు. ప్రేక్షకులకు అదే ముఖంలో ఒకమారు ఆకలి, ఒకమారు దుఃఖం, ఒకమారు కోరిక కనిపించినవట. సినిమా కథలు చెప్పేవారికి ఇది వరం. నిజమైన మనుష్యులను చిత్రించేవారు మాత్రం దీనిని హెచ్చరికగా గ్రహించవలెను. అమెరికా దేశపు ప్రసిద్ధ ఎడిటర్ వాల్టర్ మర్చ్ మంచి కోతకు ఆరు ప్రమాణాలు చెప్పి, నూటికి 51 పాళ్ళు భావోద్వేగానికి, 23 కథకు, 10 లయకు ఇచ్చినాడు. కల్పిత కథలకు ఆ లెక్క సరిపోవచ్చును. మా అనుభవంలో వృత్తచిత్రానికి ఆ ఆరింటికంటె ముందు మరొక ప్రమాణం ఉండవలెను: బొమ్మలోని మనిషి ఆ అతుకును చూచి, అవును, ఇది నా మాటే అనగలగాలి.

ఇక మేము నేర్చుకొన్న మెలకువలు. ఇవి పండితులకు కాదు, రేపు ఈ పని మొదలుపెట్టే మా తమ్ములకు, చెల్లెళ్ళకు.

మొదటిది, తెచ్చినదానిని భద్రపరచుట. మా తొమ్మిది గంటల చిత్రీకరణ నిమిషానికి సుమారు 130 మెగాబైట్ల చొప్పున 70 గిగాబైట్లు అయినది. దానిని వాట్సాప్‌లో వీడియోగా పంపుకొంటే బొమ్మ నలిగి, వివరం పోతుంది. తప్పనిసరియైతే డాక్యుమెంటుగా పంపవలెను. అసలు ప్రతిని ఎన్నడూ కత్తిరించరాదు. మూడు ప్రతులు ఉంచి, రెండు వేర్వేరు రకాల సాధనాలలో దాచి, ఒకటి వేరొక ఇంటిలో ఉంచుట మంచి పద్ధతి. ప్రతి ముక్కకు తేదీ, ఊరు, విషయం తెలిపే పేరు పెట్టవలెను. 2020 జూన్ 29న భారత ప్రభుత్వం టిక్‌టాక్ సహా 59 యాప్‌లను నిషేధించినది. తమ పనిని అందులోనే ఉంచి వేరొక ప్రతి దాచుకోనివారికి తలుపు మూసుకుపోయినది. ఏ యాప్ అయినా అద్దె ఇల్లు వంటిదే.

రెండవది, ఏరుట. దీనికి మాకు గురువులు పలాస, కాశీబుగ్గ జీడి పరిశ్రమలలోని స్త్రీలు. జీడిపిక్కను ఉడికించి, పెంకు పగులగొట్టి, ఆరబెట్టి, పై పొర ఒలిచిన తరువాత, వారు పప్పును చూపుతోనే వేరు చేస్తారు. గుండు వేరు, బద్ద వేరు, ముక్క వేరు. గుండులో మరల తరగతులు. పౌనుకు 180 గింజలకు మించనిది డబ్ల్యు-180. 320కి మించనిది డబ్ల్యు-320. ఏదీ పారవేయరు, ముక్క కూడా మిఠాయిలోనికి పోతుంది. మేమును అట్లే తొమ్మిది గంటలనూ మొదట ఏమీ కత్తిరించక చూచి, ఒక పుస్తకంలో నిమిషాల లెక్కతో వ్రాసి, గుండు, బద్ద, ముక్క అని గుర్తులు పెట్టుకొన్నాము. దీనికి రెండు రోజులు పట్టినది. తరువాతి పని సగం తగ్గినది. పెద్దావిడ కన్నీటి ముక్క ప్రక్కన "చెట్ల గురించి" అని ఆ పుస్తకంలో స్పష్టంగానే వ్రాసి ఉన్నది. అతికేటప్పుడు మేము దానిని తెరచి చూడలేదు.

మూడవది, ఉపకరణం. కంప్యూటరులో కేడెన్‌లైవ్, షాట్‌కట్ అను రెండు సాఫ్ట్‌వేర్లు పూర్తిగా ఉచితం. కొంచెం పాత కంప్యూటరులో కూడా పనిచేస్తవి. డావించి రిజాల్వ్ ఉచిత ప్రతి రంగులు సరిదిద్దడంలో మిక్కిలి సమర్థమైనది, కాని దానికి 16 గిగాబైట్ల ర్యామ్ ఉన్న యంత్రం ఉంటే మేలు. యంత్రం నెమ్మదిగా నడిస్తే ప్రాక్సీ అను తేలికపాటి నకళ్ళను తయారు చేసుకొని వాటితో కూర్పు సాగించవచ్చును. చివర అసలు ప్రతినుండే చిత్రం తయారవుతుంది. మరొక చిక్కు చాలామందిని ఏడిపిస్తుంది. చరవాణి తీసే వీడియోలో సెకనుకు ఇన్ని బొమ్మలన్న లెక్క నిలకడగా ఉండదు. అందువలన నిడివి పెరిగినకొద్దీ పెదవులకు, మాటకు పొంతన తప్పుతుంది. హ్యాండ్‌బ్రేక్ అను ఉచిత సాధనంలో ముందుగానే స్థిరమైన లెక్కకు మార్చుకొంటే ఈ బాధ తీరుతుంది.

నాలుగవది, ధ్వని. బొమ్మ కొంచెం మసకైనా ప్రేక్షకుడు ఓర్చుకొంటాడు. మాట వినిపించకపోతే లేచిపోతాడు. ఉద్దానం తీరాన సముద్రపు గాలి మా తొలి రోజు చిత్రీకరణలో సగం మాటలను మింగివేసినది. మరునాటి నుండి మైకుకు దూది, పలుచని గుడ్డ చుట్టి, గాలికి వెనుదిరిగి నిలిచినాము. ప్రతి చోటా ఎవరూ మాట్లాడకుండా అర నిమిషం పరిసర ధ్వనిని వేరుగా పట్టుకొనవలెను. అతుకుల మధ్య ఖాళీలను అది పూడుస్తుంది. మాట గట్టితనం అత్యధికంగా మైనస్ 12 నుండి మైనస్ 6 డెసిబెల్‌ల నడుమ ఉంటే చాలు. ఆడాసిటీ అను ఉచిత సాధనం హోరును తగ్గిస్తుంది గాని, అతిగా వాడితే మనిషి గొంతు డబ్బాలోనుండి వచ్చినట్లు ఉంటుంది. తరువాతి మనిషి గొంతును అతని బొమ్మకంటె ఒక క్షణం ముందుగా వినిపిస్తే అతుకు కంటికి ఆనదు.

ఐదవది, సంగీతం. సినిమా పాటను ఎత్తి పెట్టుకొనుట సులభం, కాని అది ఒకరి సొత్తు. 1957 నాటి కాపీరైటు చట్టం విద్యార్థులకని ప్రత్యేకించి దానిని ఊరకే ఇచ్చివేయలేదు. యూట్యూబ్ ఆడియో లైబ్రరీలోను, ఫ్రీసౌండ్‌లోను అనుమతితో వాడుకొనదగిన సంగీతం, శబ్దాలు లభిస్తవి. అయితే ప్రతిదాని నిబంధన చదివి, కోరినచోట కర్త పేరు వేయవలెను. అంతకంటె మంచి మార్గం కూడా ఒకటున్నది. శ్రీకాకుళం సీమలో తప్పెటగుళ్ళు, జముకుల కథ ఉండగా, కళాకారుల అనుమతి అడిగి, వారికి తగిన పారితోషికం ఇచ్చి వినిపించవచ్చును గదా! మా రెండవ ప్రతిలో వయొలిన్ పోయి అలల హోరు, జీడిపిక్కలు పగిలే చప్పుడు మిగిలినవి.

ఆరవది, అక్షరాలు. ఇది మా పత్రికకు మరీ దగ్గరి విషయం, ఏలనన మేము చిత్రం క్రింద తెలుగు, ఉర్దూ రెండు భాషలలోను మాటలు వేసినాము. కొన్ని సాఫ్ట్‌వేర్లలో తెలుగు వత్తులు విడిపోయి ప్రక్కకు జారుతవి. ఉర్దూ వాక్యంలో చుక్క కుడివైపుకు దూకుతుంది. అట్టి చోట శీర్షికను వేరే సాధనంలో పారదర్శకమైన బొమ్మగా తయారు చేసుకొని చిత్రంపై అతికించుట ఉపాయం. తెలుగుకు మండలి, రామభద్ర, సురవరం, ఉర్దూకు నోటో నస్తాలీఖ్ ఖతులు ఉచితంగా లభిస్తవి. నస్తాలీఖ్ లిపి వాలుగా దిగుతుంది గనుక పంక్తికి, పంక్తికి నడుమ ఎక్కువ చోటు విడువవలెను. సబ్‌టైటిల్ ఎడిట్ అను ఉచిత సాధనంలో మాటకు కాలం సరిపెట్టవచ్చును. మాటలను తానే విని వ్రాసే యంత్రాలు వచ్చినవి గాని, ఉద్దానం యాస వాటికి పట్టుబడదు. ప్రతి పంక్తిని చెవితో విని దిద్దవలసినదే. "నేదు" అన్నదానిని "లేదు" అని మార్చవలెనా అని మాలో వాదం జరిగినది. మార్చరాదని తీర్మానించుకొన్నాము. ఆమె మాట ఆమెదే.

ఏడవది, ఇతరుల బొమ్మలను వాడుట. తుఫాను వచ్చిన ప్రతిసారీ ఏ దేశానివో, ఏ ఏటివో పాత వీడియోలు కొత్త పేరుతో ఊరూరా తిరుగుతవి. అట్టిది చేతికి వచ్చినప్పుడు ఇన్‌విడ్ అను సాధనంతో దానిలోని ముఖ్యమైన బొమ్మలను విడదీసి, గూగుల్ లెన్స్‌లోను, టిన్‌ఐలోను వెదకితే అది మునుపు ఎక్కడ కనిపించినదో తరచు తెలిసిపోతుంది. 2023 నవంబరులో ఒక ప్రసిద్ధ తెలుగు సినీనటి ముఖాన్ని వేరొక స్త్రీ దేహానికి యంత్రసాయంతో అతికిన వీడియో దేశమంతా తిరిగినది. అతుకు కంటికి కనిపించని రోజులు వచ్చినవి గనుక, అతికేవాని మాటకు విలువ ఉండవలసిన అవసరం పెరిగినది.

ఇక్కడ కొందరు మిత్రులు ఒక ఆక్షేపణ తెస్తారు. ప్రతి అతుకును బొమ్మలోని మనిషికి చూపి అంగీకారం పొందవలెనంటే, లంచగొండిని గురించిగాని, దౌర్జన్యపరుని గురించిగాని చిత్రం తీయగలమా? వారు ఒప్పుకొంటారా? ఈ ప్రశ్న న్యాయమైనదే. అధికారం చేతిలో ఉన్నవానికి తన చిత్రాన్ని తానే దిద్దుకొనే హక్కు ఇవ్వవలెనని మేము అనము. అతడు అన్న మాటను అన్న సందర్భంలోనే ఉంచితే చాలు. కాని తన అరుగుపై చాప వేసి కూర్చుండబెట్టి, కొబ్బరినీళ్ళు ఇచ్చి, మనలను నమ్మి మాట్లాడిన మనిషి విషయం వేరు. ఆమెకు మన వద్ద పత్రిక లేదు, వకీలు లేడు. మనం అతికినదే లోకానికి ఆమె. అందుచేత అట్టివారికి చూపిన పిమ్మటే చిత్రం బయటకు పోవలెను.

మేము రెండవ ప్రతి సిద్ధం చేసినాము. అందులో పెద్దావిడ కన్నీటి తరువాత తిత్లీకి విరిగి మిగిలిన కొబ్బరి మొద్దు కనిపిస్తుంది. భర్త చేయి అతని మాటలతోనే వస్తుంది. అతడు తన వ్యాధిని గురించి ఏదో హాస్యమాడి తానే నవ్వుతాడు. మొదటి కూర్పులో ఆ నవ్వును "విషాదానికి అడ్డు" అని తీసివేసినాము. నిడివి రెండు నిమిషాలు పెరిగినది. మునుపు కళ్ళు తుడుచుకొన్న మిత్రులు ఈసారి తుడుచుకోలేదు. కాని ఆ దంపతులను గురించి చాలా ప్రశ్నలు అడిగినారు. ఈ ప్రతిని భార్యాభర్తలిద్దరూ కలిసి చూచినారు. నవ్వు వచ్చిన చోట ఆయన మరల నవ్వినాడు. పెద్దావిడ చెన్నైలో పనిచేసే తన కుమారునికి దీనిని పంపగలరా అని అడిగినది.

చివరగా కళాశాల పెద్దలకు మా విన్నపం. మన గ్రంథాలయంలో ఒక మంచి కంప్యూటరు, రెండు హార్డ్‌డిస్కులు, ఒక మైకు ఏర్పాటు చేయించవలెను. విద్యార్థులు తెచ్చిన చిత్రీకరణల అసలు ప్రతులు తేదీతో, ఊరి పేరుతో, మాట్లాడినవారి అనుమతి పత్రంతో అక్కడ భద్రమగును. మా తొమ్మిది గంటలలో చిత్రంలో వాడినది ఇరువది నిమిషాలే. మిగిలినదంతా ఉద్దానం పెద్దల గొంతులు, తోటల పేర్లు, తుఫాను రాత్రి జ్ఞాపకాలు. వాటిని మాకంటె మెరుగుగా కూర్చగలవారు రేపు రావచ్చును. వారికొరకు మేము ఆ 70 గిగాబైట్లను, నిమిషాల లెక్క వ్రాసిన పుస్తకాన్ని అప్పగించడానికి సిద్ధంగా ఉన్నాము. మొదటి ప్రతిని కూడా వాటితోపాటే ఉంచుతాము, కొత్తగా కత్తెర పట్టేవారు మా తప్పును చూచి పని మొదలుపెట్టుటకు.